డౌన్ క్వార్క్ గవర్రాజు బదిలీ దరఖాస్తు

తోటరేవు రైతుబజారులో వంకాయలమ్మే నూకాలు దగ్గర తూకానికి ఒక ఇనప కిలో రాయి ఉంది. ఆ రాయిలో ఒకానొక ప్రోటాన్‌లో డౌన్ క్వార్క్‌గా పనిచేస్తున్న పి. గవర్రాజు, పక్క న్యూట్రాన్‌లో ఉద్యోగం చేస్తున్న భార్య దగ్గరికి బదిలీ చేయమని పెట్టుకున్న దరఖాస్తు మీద ప్రభుత్వం ఎట్టకేలకు ఒక నిర్ణయం తీసుకుంది. అతన్ని పంపాలా వద్దా అన్నది తేల్చేముందు, అతను పోతే ప్రోటాన్‌లో ఏం తగ్గుతుందో లెక్క కట్టించాలని ఉత్తర్వు వచ్చింది.

ఇందులో వింతేమీ లేదు. ఏ ఇనప ముక్క తీసుకున్నా దాని నిండా పరమాణువులే. పరమాణువు నడిమధ్య ప్రోటాన్లూ న్యూట్రాన్లూ ఇరుకు సందులో అద్దె గదుల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఒక్కో గదికి మంజూరైన క్వార్కు పోస్టులు మూడు. ప్రోటాన్‌కి రెండు అప్‌లు, ఒక డౌన్. న్యూట్రాన్‌కి రెండు డౌన్‌లు, ఒక అప్. గదులు ఏర్పడినప్పటినుంచీ ఈ పోస్టుల సంఖ్య మారలేదు, పెంచమని ఏ యూనియనూ అడిగిన పాపాన పోలేదు. అప్ అన్నది పేరుకేగానీ నిజానికి డౌన్‌వాళ్ళే కాస్త బరువెక్కువ. ఈ సంగతి గవర్రాజు కొత్తవాళ్ళెవరు కనబడినా మూడో మాటలోనే చెప్పేవాడు.

అదే గదిలో మిగతా రెండు సీట్లూ సన్యాసిరావువి, మంగతాయారువి. సన్యాసిరావు ప్రతిదానికీ తలూపే మనిషి. మంగతాయారు ప్రతిదానికీ ప్రశ్న వేసే మనిషి. ముగ్గురిలో ఒకరు ఎరుపు, ఒకరు ఆకుపచ్చ, ఒకరు నీలం వేసుకోవాలి, బయటినుంచి చూస్తే కలిపి తెల్లగా కనబడాలి అని నిబంధన. ఎవరు ఏ రంగన్నది మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. గ్లువాన్లని అటెండర్లున్నారు. వాళ్ళు క్షణం తీరిక లేకుండా ఇటునుంచి అటు పరిగెడుతూ, ఒకరి రంగు ఒకరికి మార్చేసి పోతుంటారు. ఆ అటెండర్లు ఉద్యోగులకే కాదు, తమలో తమకి కూడా కబుర్లు మోసుకుంటారు. ఆ కబుర్లు అందాయో లేదో కనుక్కోవడానికి మళ్ళీ వేరే అటెండర్లు బయల్దేరతారు. వీళ్ళు చాలరన్నట్టు రోజుకూలీ జంటలు కూడా ఉన్నారు. ఒక క్వార్కూ ఒక వ్యతిరేక క్వార్కూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఎక్కడినుంచో ఊడిపడి, హాజరు వేయించుకునేలోపే ఒకరిలో ఒకరు కలిసి మాయమైపోతారు. వాళ్ళ పేర్లడిగే ఓపిక ఎవరికీ లేదు.

గవర్రాజుకీ హైమవతికీ పరిచయం ఈ ఆఫీసులు ఏర్పడకముందు నాటిది. అప్పట్లో గదులు లేవు, గోడలు లేవు, రంగుల నిబంధన అసలే లేదు. చెప్పలేనంత వేడి. అందరూ ఒకే మైదానంలో ఎవరికి తోచినట్టు వాళ్ళు తిరిగేవాళ్ళు. ఆ కాలమంతా కలిపినా రెప్పపాటులో వెయ్యోవంతుకు రాదని బయటివాళ్ళు అంటారుగానీ, గవర్రాజుకి మాత్రం అది నిండు యవ్వనం. హైమ అప్ క్వార్కు. చిన్నదానికి కూడా పడీపడీ నవ్వేది. ఆ నవ్వు వినడానికే అతను మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి ఎన్నిసార్లు వెళ్ళొచ్చాడో అతనికే తెలీదు. పెళ్ళి కూడా ఆ వేడిలోనే, నిలబడ్డచోటే అయిపోయింది.

తర్వాత లోకం చల్లబడింది. చల్లబడగానే పోస్టింగులకు కౌన్సెలింగ్ పెట్టారు. ఎవరి ఆప్షను వాళ్ళు అక్కడికక్కడే ఇచ్చెయ్యాలి, పక్కవాళ్ళను అడిగే వ్యవధి లేదు. గవర్రాజు ప్రోటాన్ కోరుకున్నాడు. ప్రోటాన్‌లో అప్ పోస్టులు రెండున్నాయి కాబట్టి, అప్ క్వార్కయిన హైమకి అందులో సులువుగా సీటు దొరుకుతుందని అతని లెక్క. అదే క్షణాన, రెండు డౌన్ పోస్టులుంటే ఆయనకి సులువుగా దొరుకుతుందని హైమ న్యూట్రాన్ కోరుకుంది. ఒకరి సుఖం ఒకరు చూసుకోబోయి ఇద్దరూ చెరో గదిలో పడ్డారు. తప్పు ఎవరిదని ఇప్పటికీ ఇద్దరూ దెబ్బలాడుకోలేదు, దెబ్బలాడుకోవడానికైనా ఒకచోట ఉండాలి కదా.

నడిచి వెళ్ళిపోదామంటే కుదరదు. గవర్రాజు సీటులోంచి లేచి రెండడుగులు వేస్తే చాలు, అటెండర్లంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తాడులా పేనుకుని వెనక్కి లాగుతారు. సీట్లో ఉన్నంతసేపూ వాళ్ళు అతని ముఖం కూడా చూడరు. లేచాడా, ఇక వదలరు. దూరం పోయేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుందేమో అనుకుంటే తగ్గదు. మొదటి అడుగులో ఎంతో ఆఖరి అడుగులోనూ అంతే.

ఒకసారి మాత్రం పంతం పట్టి తాడు తెగేదాకా లాగాడు. తెగింది. తెగిన చోట రెండు కొసలకీ ఇద్దరు కొత్తవాళ్ళు పుట్టుకొచ్చారు. ఒకడు అచ్చం గవర్రాజే. వాడు నేరుగా వెళ్ళి గవర్రాజు సీట్లో కూర్చుని పనిలో పడ్డాడు. రెండోవాడు వ్యతిరేక గవర్రాజు. వాడు వచ్చి ఇతని చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి న్యూట్రాన్ గుమ్మం దాకా వెళ్ళారు. లోపల హైమ నీలం రంగులో ఉంది. ఏదో కూనిరాగం తీస్తూ, ఎందుకో తలెత్తి గుమ్మం వైపు చూసింది. గవర్రాజు లోపలికి అడుగు వెయ్యబోయాడు. రిలీవింగ్ ఆర్డరు ఏదని గుమ్మం దగ్గర అడిగారు. లేదన్నాడు. అయితే వెళ్ళి తీసుకురమ్మన్నారు. తిరిగొచ్చేసరికి సీట్లో ఉన్నవాడూ చెయ్యి పట్టుకున్నవాడూ ఒకరిలో ఒకరు కలిసి మాయమయ్యారు, గవర్రాజు తన కుర్చీలో తను కూర్చున్నాడు. ఆ రోజునుంచీ దరఖాస్తు మీద దరఖాస్తు పెడుతూనే ఉన్నాడు. ఆ దరఖాస్తుల ఫలమే ఈ లెక్క.

లెక్కల బృందం సోమవారం పొద్దున్నే దిగింది. దానికి నాయకురాలు డాక్టర్ కాత్యాయని. కళ్ళజోడు మెడలో వేలాడేసుకుని, ఎంత కఠినమైన సంగతైనా మెత్తగా చెప్పే మనిషి. లెక్కలు కట్టే యంత్రాలన్నీ బయట ఏదో పెద్ద హాలులో ఉన్నాయట, అవి వేడెక్కిపోకుండా చుట్టూ చన్నీళ్ళు పారిస్తుంటారట. లోపలికి మాత్రం ఆవిడ ఒక్క ముగ్గుగిన్నె తెచ్చుకుంది.

గది నిండా చుక్కలు పెట్టింది. నేలమీదే కాదు, గాల్లో కూడా, కప్పు దాకా, వరసకి వరస. ఉద్యోగులు చుక్కల మీదే నిలబడాలి, అటెండర్లు చుక్కకీ చుక్కకీ మధ్య గీత మీదే తిరగాలి, ఖాళీలో ఎవరూ ఉండకూడదు. పొరపాటున కాలు ఖాళీలో పడితే ఏమవుతుందని మంగతాయారు అడిగింది. ఏమీ కాదు, ఆ కాలు ఉన్నట్టు లెక్కలోకి రాదు అంది కాత్యాయని. సన్యాసిరావు రెండు కాళ్ళూ దగ్గరికి లాక్కున్నాడు. ఆ తర్వాత ఆవిడ కాలానికి కూడా చుక్కలు పెట్టింది. ఈ చుక్కనుంచి ఆ చుక్కకి పోవాల్సిందేగానీ మధ్యలో క్షణాలు లేవు. గోడ గడియారాన్ని తీసి అడ్డంగా తిప్పి పెట్టింది. మామూలు కాలంలో ఈ లెక్క ఎప్పటికీ కుదురుకోదట, అడ్డం తిప్పిన కాలంలో అయితే అందరూ మెల్లిగా సర్దుకుంటారట. నిజంగానే సర్దుకున్నారు. మంగతాయారు కూడా పూటకి రెండు ప్రశ్నలతో సరిపెట్టుకుంది.

మరో ఇబ్బంది వచ్చింది. ముగ్గురూ మరీ తేలిగ్గా ఉండి, చుక్క మీద నిలవకుండా గంతులేస్తున్నారు. అంత తేలికవాళ్ళని లెక్కలోకి తేవాలంటే యంత్రాలకి తలప్రాణం తోకకొస్తోంది. అందుకని ముగ్గురి నడుములకీ ఇసుక మూటలు కట్టారు. ముందు బరువుగా ఉన్నట్టు లెక్క కట్టి, తర్వాత మూటలు కాస్త కాస్త తగ్గించుకుంటూ, అసలు బరువుకి ఎంత వస్తుందో ఊహించి రాస్తారు. రిపోర్టులో తను లావుగా కనబడితే ఊరుకునేది లేదని మంగతాయారు ముందే చెప్పి ఉంచింది.

ఇక ఫోటోలు. లెక్కలేనన్ని ఫోటోలు తీశారు. ఏ రెండింటిలోనూ అటెండర్లు ఒకేచోట లేరు. అన్నీ కలిపి సగటు తీస్తే, ముగ్గురూ గది మొత్తం మీద పలచగా, పెరుగు మీద మీగడలా పరుచుకుని కనిపించారు. తన ఫోటో ఇంత బాగా ఎప్పుడూ పడలేదని సన్యాసిరావు ఒక కాపీ అడిగి తీసుకున్నాడు.

అన్నిటికన్నా గవర్రాజుకి మతిపోగొట్టింది తలుపుల ఏర్పాటు. అంతులేని లోకాన్నంతా లెక్కలోకి తేవడం ఎవరివల్లా కాదు, కాబట్టి లెక్క సాగినన్నాళ్ళూ ఈ గదే లోకం అనుకోవాలి. అలా అనుకోవడానికి వీలుగా తూర్పు తలుపు నేరుగా పడమటి తలుపులోకి తెరుచుకునేలా అమర్చారు. ఈ మాట వినకముందే గవర్రాజు తూర్పు తలుపు తెరిచి ఉండడం చూశాడు. అటెండర్లంతా గీతల మీద కిక్కిరిసి ఉన్నారు, తాడు పేనే తీరిక ఎవరికీ లేదు. ఇంతకంటే మంచి సమయం రాదనుకుని ఇసుక మూటతోనే పరుగందుకున్నాడు.

తలుపు దాటాడు. ఎదురుగా ఒక గది, అందులో సన్యాసిరావు తలూపుతున్నాడు. న్యూట్రాన్‌కి ఇతనెప్పుడొచ్చాడా అని ఒక క్షణం ఆశ్చర్యపోయి, దాన్నీ దాటేశాడు. మళ్ళీ అదే గది, అదే తలూపు. గవర్రాజుకి హుషారు పుట్టింది. ఎన్ని గదులైనా సరే, ఏదో ఒక గదిలో హైమ ఉండకపోతుందా అనుకుంటూ చుక్క మీంచి చుక్కకి ఎగిరాడు. ముందు తలుపులోంచి మరొకతను పరిగెడుతూ కనిపించాడు. అదే రంగు, నడుముకి అదే మూట. పాపం ఎవరో ఇతనికీ భార్య ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది అనిపించి గవర్రాజుకి జాలేసింది. ఏవండీ, కాస్త ఆగండి, కలిసెళ్దాం అని కేకేశాడు. ఆ కేక వెనకనుంచి వచ్చి అతని వీపుకే తగిలింది. తిరిగి చూస్తే వెనక తలుపులో ఇంకొకతను అప్పుడే తిరిగి, అవతలకి చూస్తూ నిలబడ్డాడు.

ముందున్నదీ వెనకున్నదీ తనేనని అప్పటికి అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఇంకో నాలుగు చుట్లు కొట్టాడు. తాడు లేకుండా, ఎవరూ వెనక్కి లాగకుండా పరిగెత్తడం ఆ మైదానం రోజుల తర్వాత మళ్ళీ ఇదే. నవ్వొచ్చింది. నవ్వుతూనే పరిగెత్తాడు, నవ్వుతూనే వచ్చి తన చుక్క మీద నిలబడి, అప్పుడు ఏడ్చాడు. కాత్యాయని ఆ నవ్వునీ ఏడుపునీ కలిపి సగటు తీసుకుంది.

లెక్క ముగిసింది. మూటలు విప్పారు, చుక్కలు చెరిపారు, గడియారం నిలువుగా పెట్టారు. ఫలితం చెప్పడానికి కాత్యాయని ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. అటెండర్లు కూర్చునే అలవాటు లేనివాళ్ళు కాబట్టి చుట్టూ పరిగెడుతూనే విన్నారు.

ప్రోటాన్ మొత్తం బరువు నూరనుకుంటే, ముగ్గురు ఉద్యోగుల సొంత బరువూ కలిపి దాదాపు ఒకటి అని చెప్పింది. మంగతాయారు మళ్ళీ చెప్పించుకుంది. ముగ్గురికీ కలిపి ఒకటి. సన్యాసిరావు జీవితంలో మొదటిసారి తలూపడం ఆపాడు. మరి మిగతా తొంభైతొమ్మిదీ ఎవరివని అడిగితే, ఎవరివీ కావంది. లేచి వెళ్ళబోవడం, వెనక్కి లాగడం, తాడు బిగియడం, అటెండర్ల ఉరుకులు, వచ్చీ రాకుండానే మాయమయ్యే జంటల హడావుడి, ఇదంతా కలిస్తేనే ఆ బరువు. తూచినప్పుడు ఎక్కువా తక్కువా ఒక పిసరు తేడా ఉండొచ్చుగానీ విషయం మాత్రం ఇదే. నూకాలు రాయే కాదు, తక్కెడలో వంకాయలూ, వాటిని బేరమాడే మనుషులూ, ఈ కథ చదివేవాళ్ళ ఒళ్ళూ కూడా ఇలాగే బరువు తూగుతున్నాయని ఆవిడ మామూలుగా చెప్పుకుపోయింది.

గవర్రాజుకి తన సంగతే కావాలి. అయితే నేను పోతే ఏమీ తగ్గదన్నమాట, ఆర్డరు ఇచ్చేస్తారా అని అడిగాడు.

కాత్యాయని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీరు వెళ్తే ఏమీ తగ్గదు గవర్రాజుగారూ. మీ సీట్లోకి మీలాంటివారే వస్తారు, మీరే చూశారు కదా. చిక్కల్లా ఎక్కడంటే, అక్కడికెళ్ళాక మీకిక ఎక్కడికీ వెళ్ళాలని ఉండదు. మా లెక్కకి కావలసింది మీరు కాదండీ. వెళ్ళాలన్న మీ కోరిక."

"ఆయ్," అన్నాడు గవర్రాజు.

ఆవిడ మెత్తగా విడమరిచి చెప్పింది. గవర్రాజు ఒక్కడికే కోరిక తీర్చి ఊరుకుంటే కుదరదు, నిబంధన అందరికీ ఒకటే కదా. రాయిలో ఉన్న ప్రతి గదిలోనూ ఎక్కడికో వెళ్ళాలని దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళే. అందరి కోరికలూ తీరిస్తే సాయంత్రానికల్లా కిలో రాయి పది గ్రాములు తూగుతుంది. నూకాలు గాలికి ఎగిరిపోతుంది. కాబట్టి దరఖాస్తుని కాదనడానికి వీల్లేదు, ఔననడానికీ వీల్లేదు. పరిశీలనలో ఉంచుతారు, ఎప్పటికీ. ఇన్నాళ్ళూ ఉంచింది కూడా అందుకే, కాకపోతే అప్పట్లో కారణం తెలియకుండా ఉంచారు.

గవర్రాజుకి ముందు కోపమొచ్చింది. తర్వాత, చిత్రంగా, ఒళ్ళు తేలిపోయింది. ఇన్నాళ్ళూ తన బాధ తనొక్కడిదే అనుకున్నాడు. తనేదో ఉద్యోగధర్మానికి అడ్డం పడుతున్నట్టు, లేచినప్పుడల్లా సిగ్గుపడ్డాడు. తీరా చూస్తే అసలు ఉద్యోగం అదేనట. సన్యాసిరావు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. అటెండర్లు పరిగెడుతూనే నమస్కారాలు పెట్టారు. గది గదంతా పెళ్ళివారిల్లులా అయిపోయింది.

ఆ సందట్లోనే న్యూట్రాన్ వైపునుంచి ఒక రోజుకూలీ జంట హైమ చెప్పమన్న మాట మోసుకొచ్చింది. అక్కడ కూడా లెక్క అయిపోయిందట, అదే ఫలితమట. జంటలో క్వార్కు ఊపిరి తీసుకుని, అప్పగించిన మాట అప్పగించినట్టే చెప్పాడు.

"మీరు రావొద్దండి. రావాలనుకోడం మాత్రం మానొద్దు. నేనూ మానను."

చెప్పి, ఆ ఇద్దరూ ఒకరిలో ఒకరు కలిసి మాయమయ్యారు. ఆ మాట చెప్పేటప్పుడు హైమ నవ్విందా, ఏడ్చిందా అని గవర్రాజు అడగబోయాడు. అడగడానికి ఎవరూ మిగల్లేదు.

వెళ్ళేముందు కాత్యాయని ఒక సౌకర్యం కల్పించింది. ఇకనుంచి ఏడాదికోసారి కాదు, రోజూ పొద్దున్నే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పైగా అందులో భార్య పేరు, ఆమె పనిచేసేచోటు అన్న గళ్ళు తీసేశారు. పేరు ఏదైనా లాగుడు ఒకటేనని లెక్కలో తేలింది, అనవసరంగా రాసుకోవడమెందుకు? గవర్రాజు ఒక నిమిషం ఆలోచించాడు. అలవాటు కొద్దీ మొదటి రోజున కాగితం అంచున చిన్న అక్షరాలతో హైమ పేరు రాశాడు. రెండో రోజున ఇచ్చిన కాగితానికి అంచు సరిపోలేదు. ఆ తర్వాత రాయలేదు.

ఇప్పుడతను ఆ రాయిలోకెల్లా మంచి ఉద్యోగి. పొద్దున్నే దరఖాస్తు పెడతాడు, లేస్తాడు, తూర్పు తలుపు దాకా ఒళ్ళు విరుచుకుని లాగుతాడు, అటెండర్లు తాడు పేనుకుని అంతకంటే ఉత్సాహంగా వెనక్కి లాగుతారు, నూకాలు కిలో వంకాయలు తూచిపెడుతుంది. పక్క గదులవాళ్ళు అతని లాగుడు చూసి నేర్చుకోవడానికి వస్తుంటారు. అతని ముఖంలో ఈ మధ్య ఎప్పుడూ ఒక వెలుగు ఉంటోంది.

మొన్న మంగతాయారు కూడా ఒక కాగితం పట్టుకుని అతని దగ్గరికొచ్చింది. తనకి అవతల గదిలో ఎవరూ లేరు, మైదానంలో కూడా ఎవరూ ఉండేవారు కాదు. అయినా అందరూ పెడుతుంటే తనొక్కతే పెట్టకుండా ఉండడం బాగాలేదనిపించింది. ఎక్కడికి వెళ్ళాలని రాయమంటారండీ అని అడిగింది.

గవర్రాజు కాగితం అందుకుని, చదివి, ఆప్యాయంగా వెనక్కిచ్చాడు.

"ఎక్కడికని రాయక్కర్లేదండి. ఎల్లాలని ఉంటే చాలు."